మంచె కట్టిన చెట్టు: మిషిగన్ ప్రభుత్వ అడవిలో నా అనుభవం

2025 జనవరి 4, శనివారం మధ్యాహ్నం, జింకల వేటకు కట్టుకున్న నా మంచెను చెట్టు మీద నుంచి దింపి వీపుకు కట్టుకుని, దారి పొడవునా పెట్టుకున్న బట్టల క్లిప్పులను ఒక్కొక్కటిగా ఏరుకుంటూ కారు దగ్గరికి చేరుకున్నాను. ఈ పని 2024 ఫిబ్రవరి 17న మొదలైంది. ఈ పదిన్నర నెలల్లో నేను బాణం వదిలింది ఒక్కసారి. మిగిలిన కాలమంతా ఒక చెట్టును వెతకడంలో, దాన్ని నాకు తప్ప ఇంకొకరికి తెలియకుండా గుర్తు పెట్టుకోవడంలో, అది కుదరక ఇంకో చెట్టుకు మారడంలో గడిచిపోయింది. డెట్రాయిట్ చుట్టుపక్కల విల్లువేట నేర్చుకోవాలనుకునే మనవాళ్లు నన్ను విల్లు గురించీ లైసెన్సు గురించీ అడుగుతారు గాని చెట్టు గురించి అడగరు. నేనూ అడగలేదు.

ఏ అడవి అన్నది మాత్రం చెప్పను. దక్షిణ మిషిగన్‌లో వాటర్లూ, షారన్‌విల్, గ్రెగరీ అని వేటకు తెరిచిన ప్రభుత్వ భూములు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి అనుకోండి, ఏదీ కాదనుకున్నా నాకు మేలే.

వేటకు చెట్టుకు పట్టీలతో బిగించుకుని కూర్చునే ఆసనాన్ని ఇక్కడివాళ్లు ట్రీ స్టాండ్ అంటారు, దానికి మనకు మంచె అనే మంచి మాట ఉండనే ఉంది. గిద్దలూరు వైపు మా జొన్నచేలో మా తాత మంచె మీద కూర్చుని, రాత్రంతా డబ్బా వాయిస్తూ అడవిపందులను తరిమేవాడు. ఆయన మంచె ఎక్కింది చప్పుడు చేయడానికి, నేను ఎక్కింది చప్పుడు చేయకుండా ఉండడానికి. మనదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత వేట నేరమైపోయింది కనుక మా ఇంట్లో ఇంకెవరికీ ఈ విద్య తెలియదు. నాకు నేర్పినవాడు మా ప్లాంటులో పనిచేసి రిటైరైన ఒక అమెరికన్ పెద్దాయన. నేను హెచ్‌1బి వీసా మీద ఉన్నాను. ఆ వీసా ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉన్నా, ఆ మినహాయింపు జోలికి పోకుండా విల్లుతోనే సరిపెట్టుకున్నాను.

ఫిబ్రవరి 17న చలి ఉన్నా నేల మీద మంచు లేదు. చెట్లకు ఆకులు లేని ఆ కాలంలో అడవి విప్పి పరచినట్టు కనిపిస్తుంది. జింకలు నడిచిన దారులు, మగజింకలు కొమ్ములు రుద్దిన చిన్న చెట్ల మీది గీతలు, నిరుటి ఓక్ కాయల తొక్కలు అన్నీ స్పష్టంగా తెలిశాయి. కారు ఆపే చోటు నుంచి ముక్కాలు మైలు దూరంలో, రెండు దారులు కలిసే మిట్ట దగ్గర, మంచెకు పనికొచ్చే మూడు చెట్లను ఎంచుకున్నాను. మళ్లీ వచ్చినప్పుడు దొరకాలని, సర్వేవాళ్లు వాడే నారింజ రంగు ప్లాస్టిక్ టేపును పదకొండు చెట్లకు కట్టుకుంటూ తిరిగి వచ్చాను. ఫోటోలు చూపిస్తే పెద్దాయన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, జిల్లా మొత్తానికీ రోడ్డు వేసిపెట్టావని అన్నాడు.

ఆయన అన్నట్టే అయింది. మార్చి 9న వెళ్లేసరికి పదకొండింటిలో మూడు టేపులు లేవు, నాలుగు స్థలం మారాయి. ఎవరో పనిగట్టుకుని వాటిని విప్పి, నన్ను నేరుగా మోకాలి లోతు చిత్తడిలోకి దింపేలా కట్టారు. కోపం వచ్చింది గాని, బూట్లలో నీళ్లతో గట్టున కూర్చున్నాక వాళ్ల చమత్కారానికి నవ్వూ వచ్చింది. మిగిలిన టేపులన్నీ విప్పి జేబులో వేసుకుని ఇంటికి వచ్చాను. ఫోనులోని మ్యాపులో మూడు గుర్తులు పెట్టుకుని, ఇక నేల మీద ఏ ఆనవాలూ వద్దనుకున్నాను.

ఆగస్టు 24న మళ్లీ వెళ్లినప్పుడు రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి. ఫిబ్రవరిలో చూసిన అడవికీ ఆగస్టు అడవికీ పోలికే లేదు. ముళ్ల గులాబీ పొదలు, ఆటమ్ ఆలివ్ తుప్పలు తలెత్తు పెరిగి, పది గజాల అవతల ఏముందో తెలియడం లేదు. అంతకంటే పెద్ద విషయం, నేను ఎంచుకున్న మూడు చెట్లలో రెండు చచ్చిన చెట్లు. శీతాకాలంలో బతికిన చెట్టుకూ ఆకు ఉండదు, చచ్చిన చెట్టుకూ ఉండదు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. అవి యాష్ చెట్లు. తూర్పు ఆసియా నుంచి వచ్చిన పచ్చటి యాష్ పురుగు 2002లో డెట్రాయిట్ దగ్గరే మొదట బయటపడింది. అప్పటి నుంచి ఇటువైపు యాష్ చెట్లు నిలువునా ఎండిపోయాయి. బెరడు మీద ఆంగ్ల అక్షరం ‘డి’ ఆకారంలో చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తే ఆ చెట్టుకు మంచె కట్టకూడదని పెద్దాయన తరువాత చెప్పాడు. పైకెక్కిన మనిషి బరువుకు అలాంటి చెట్టు ఎప్పుడు విరుగుతుందో చెప్పలేము. చెట్లను ఎంచుకోవడం ఫిబ్రవరిలో చేసినా, బతికున్నదో లేదో చూడటానికి ఎండాకాలంలో ఒకసారి వెళ్లి తీరాలి.

మిగిలిన ఒక్క తెల్ల ఓక్ చెట్టే గతి అయింది. మిషిగన్ ప్రభుత్వ భూమిలో సెప్టెంబరు 1కి ముందు మంచె గాని, ఎక్కడానికి మెట్లు గాని పెట్టకూడదు. మార్చి 1 లోగా తీసేయాలి. మేకులు, మరమెట్లు వంటివి చెట్టు కండలోకి దిగగూడదు, అన్నీ పట్టీలతో బిగించేవే కావాలి. బాణానికి దారి కోసం కొమ్మలు నరకడం కూడా కుదరదు, కాబట్టి కొమ్మల మధ్య దానంతటదే సందు ఉన్న చెట్టును వెతుక్కోవాలి. మంచె మీద పేరు, చిరునామా లేదా డ్రైవింగ్ లైసెన్సు నంబరు, లేకుంటే రాష్ట్ర సహజ వనరుల శాఖ ఇచ్చిన నంబరు, కింద నిలబడి చదివేలా ఉండాలి. దాచుకోవాలనుకునే మంచెకు మనమే చీటీ అంటించడం వింతగా అనిపించింది. పేరుకు బదులు నంబరు రాసి, చీటీని కాలిబాట వైపు కాకుండా చిత్తడి వైపుకు తిప్పాను. ఇంకో సంగతి నియమాల పుస్తకంలో స్పష్టంగా ఉంది: పేరు రాసినంత మాత్రాన ఆ మంచె మీద కూర్చునే హక్కు మీ ఒక్కరికే రాదు. దాన్ని చదివి ముందుకు వెళ్లిపోయాను. దాని అర్థం అక్టోబరు 19న తెలిసింది.

సెప్టెంబరు 1, ఆదివారం. వ్యాసం పద్నాలుగు అంగుళాలున్న ఆ ఓక్ చెట్టుకు పద్దెనిమిది అడుగుల ఎత్తున మంచె బిగించడానికి నాకు నాలుగు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. ఇంటి వెనక మేపుల్ చెట్టుకు రెండుసార్లు అభ్యాసం చేసినప్పుడు గంటన్నరలో అయిపోయిన పని అది. దోమల్లో, చెమటలో, నడుముకు తాడు బిగించుకుని వెనక్కి వాలి రెండు చేతులతో రాచెట్ పట్టీ లాగుతుంటే మోకాళ్లు వణికాయి. నేలను వదిలిన క్షణం నుంచి మళ్లీ నేల మీద కాలు మోపేదాకా ఒంటికి వేసుకునే పట్టీల కట్టు (హార్నెస్) తాడుకు తగిలించే ఉండాలని పెద్దాయన నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు వల్లే మూడో మెట్టు మీద కాలు జారినప్పుడు జానెడు మాత్రమే జారాను.

ఇక గుర్తుల సంగతి. చీకట్లో రావాలి కనుక ఏదో ఒక ఆనవాలు తప్పదు. మెరిసే పిన్నులు బజారులో దొరుకుతాయి గాని, ఒకసారి గుచ్చాక వాటిని ఏరుకోవడం కష్టం, పైగా ప్రభుత్వ చెట్టుకు పిన్ను గుచ్చడం నాకు నచ్చలేదు. మా ఆవిడ బట్టలు ఆరేసే చెక్క క్లిప్పులు తొమ్మిది అడిగి తీసుకుని, వాటికి మెరిసే టేపు ముక్కలు అంటించాను. టార్చి వెలుగు పడితే మెరుస్తాయి, పగలు ఎండుపుల్లలో కలిసిపోతాయి, తీసేయడానికి రెండు వేళ్లు చాలు. దొరికిపోకూడదన్న పట్టుదలతో తొమ్మిదింటినీ కాలిబాటకు దూరంగా, చాలా ఎడంగా, ఒక్క పక్క నుంచి మాత్రమే కనిపించేలా పెట్టాను. మంచి పని చేశాననుకున్నాను.

అక్టోబరు 1, మంగళవారం, విల్లువేట మొదటి రోజు. సెలవు పెట్టాను. తెల్లవారుజామున 5:15కు కారు దిగాను. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి వేటాడవచ్చు, అంటే దాదాపు ఏడింటికి. రెండు క్లిప్పులు దొరికాయి, మూడోది దొరకలేదు. ఫోను చూసుకుంటే, ఆ చెట్ల గుబురు కింద నా స్థానం చూపే చుక్క ఒకచోట నిలవక అటూ ఇటూ గెంతుతోంది. నేను దానివెంట గెంతాను. యాభై అయిదు నిమిషాల తరువాత ఒక పడిపోయిన దుంగ మీద, ముళ్లు గీరుకుపోయిన చేతులతో, చెమటతో తడిసిన చలికోటుతో కూర్చుండిపోయాను. పదిహేనేళ్లుగా ఇంజనీరుగా బతికినవాడిని, తొమ్మిది బిందువుల గీతను పట్టుకోలేకపోయాను. వెలుతురు వచ్చేసరికి నా వెనకాల ఒక జింక ముక్కుతో గట్టిగా ఊదింది. నన్ను పసిగట్టి తోక ఎత్తి పోయింది. 7:50కి నా మంచె కనిపించింది. నేను కూర్చున్న దుంగకు అది పదిహేను అడుగులు వేసేంత దూరంలోనే ఉంది.

ఆ అవమానంలో అక్టోబరు 12న రెండో తప్పు చేశాను. క్లిప్పులను ఇరవై నాలుగుకు పెంచి, రెండు వైపులా టేపు అంటించి, ఛాతీ ఎత్తున వరసగా పెట్టాను. సాయంత్రం చీకటి పడ్డాక టార్చి వేసి చూస్తే దీపావళి దీపాల వరసలా ఉంది. ఈసారి దారి తప్పే ప్రసక్తి లేదని ధైర్యం వచ్చింది.

అక్టోబరు 19, శనివారం, 6:25కు ఒక్క అడుగు తప్పకుండా చెట్టు కిందికి చేరాను. మంచె మీద మనిషి ఉన్నాడు. చిన్న ఎర్ర దీపం వెలిగి, పైనుంచి ఒక గొంతు చాలా మర్యాదగా శుభోదయం చెప్పి, ఇది నీదా అని అడిగింది. నాదేనన్నాను. దిగిపోనా అన్నాడు. ఆ క్షణంలో నాకు నియమాల పుస్తకంలోని ఆ వాక్యం గుర్తుకు వచ్చింది. ఆయన దిగి, నేను ఎక్కి, ఇద్దరి చప్పుడూ వాసనా చుట్టుపక్కలంతా వ్యాపించాక ఇక కూర్చుని చేసేదేముందని, వద్దు కూర్చోండి అని చెప్పి, రెండు వందల గజాల అవతల నేల మీద కూలబడ్డాను. నా డబ్బు పెట్టి కొని, నా చేతులతో కట్టుకున్న మంచె మీద ఇంకొకరు కూర్చుంటే కలిగే బాధ మాటల్లో పెట్టలేను. సంక్రాంతికి సొంత ఊరు వెళ్తే మన ఇంటి అరుగు మీద ఎవరో పడక వేసినట్టు ఉంటుంది. ఆయన తప్పు చేయలేదని తెలిసినందువల్ల ఆ బాధ తగ్గలేదు, ఇంకొంచెం పెరిగింది.

పదిన్నరకు కారు దగ్గర ఆయనే నా కోసం ఆగి ఉన్నాడు. ఫ్లాస్కులో కాఫీ ఇచ్చి సంగతి చెప్పాడు. రెండు రోజుల కిందట తను కొట్టిన జింకను రాత్రి టార్చి వేసుకుని వెతుకుతుండగా వరసగా మెరుపులు కనిపించాయట, వాటివెంట నడిస్తే మంచె వచ్చిందట. పోయేముందు, అడగకపోయినా ఇంకో మాట చెప్పాడు: పొద్దున ఆరు జింకలు వచ్చాయి గాని ఒక్కటీ ఓక్ చెట్టు దగ్గరికి రాలేదు, అన్నీ అరవై గజాల అవతల చిత్తడి అంచునే తూర్పుకు నడిచాయి. నా మంచె మీది గాలి నేరుగా వాటి దారి మీదికే పోతోంది. తెల్ల ఓక్ కాయలు సెప్టెంబరులోనే రాలడం మొదలై, నెలాఖరుకు జింకలు వాటిని ఏరుకు తినేశాయి. ఇప్పుడు వాటికి ఆ మిట్ట మీద పని లేదు. అంటే మనిషికి దొరికిపోయిన ఆ చెట్టు జింకకు కూడా అక్కరలేని చెట్టే. ఆ కాఫీ నాకు ఆ ఏడాది దొరికిన అన్నిటికంటే విలువైన పాఠం.

మంచె మార్చడానికి వారం ఆగాను. ఆ శరత్కాలంలో వానలు లేక ఆకులు అడుగు వేస్తే అప్పడాల్లా విరుగుతున్నాయి; గాలి గట్టిగా వీచే రోజు కావాలి, చెట్ల హోరులో ఇనుము చప్పుడు కలిసిపోవాలి. అక్టోబరు 26, శనివారం, జింకలు పడుకుని ఉండే మధ్యాహ్నం వేళ వెళ్లాను. దింపడానికి ముప్పై అయిదు నిమిషాలు, నూట నలభై గజాలు మోయడం, మళ్లీ ఎక్కించడం, అంతా కలిపి రెండు గంటల పది నిమిషాలు. కొత్త చెట్టు చిత్తడి అంచున ఒకే మొదలు నుంచి మూడు మానులుగా చీలిన ఎర్ర మేపుల్. ఒక మానుకు మంచె, వెనక రెండు మానులు నా ఆకారాన్ని మింగేస్తాయి. పడమటి గాలి వీచే రోజుల్లో నా వాసన జింకల దారి మీదికి పోకుండా నీళ్ల మీదుగా పోతుంది. ఎత్తు పద్నాలుగు అడుగులే పెట్టాను. వెనక మరుగు ఉంటే ఎత్తు అంత అక్కరలేదు.

గుర్తులు ఈసారి ఆలోచించి పెట్టాను. కాలిబాట నుంచి మొదటి నూట యాభై గజాలకు ఒక్క క్లిప్పు కూడా లేదు. అక్కడ చిన్న వాగు ఉంది, వాగు దాటాక గాని మొదటిది రాదు. వాగు దాకా రావడానికి కూలిన పెద్ద చెట్టు, తరువాత బండరాయి అని రెండు ఆనవాళ్లు నోటికి పట్టించుకున్నాను. క్లిప్పులన్నీ మోకాలి ఎత్తున, ఎండుపుల్లలకు, నేను వచ్చే వైపే మెరిసేలా పెట్టాను. ఒకదాని దగ్గర నిలబడితేనే తరువాతిది కనిపించాలి. అన్నిటికంటే ముఖ్యం, చివరి క్లిప్పు మంచె చెట్టుకు లేదు. అది ఇరవై అడుగుల ముందే ఆగిపోతుంది. అక్కడి నుంచి ఎడమకు తిరిగి ఆ ఇరవై అడుగులూ నడిచి చేయి చాపితే మంచె చెట్టుకు చుట్టుకున్న అడవి ద్రాక్ష తీగ తగులుతుంది. వెళ్లేటప్పుడు అడుగు మెట్టు ఊడదీసి ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టాను. రెండున్నర పౌన్ల బరువుండే ఆ ఒక్క ముక్క లేకపోతే ఎవరూ పైకెక్కలేరు. మంచెను మానుకు కలిపి కేబుల్ తాళం కూడా వేశాను. నవంబరు 3న, శీతాకాలపు సమయానికి గడియారాలు గంట వెనక్కి తిప్పిన ఉదయం, కారు నుంచి మంచె దాకా ఇరవై ఎనిమిది నిమిషాల్లో చేరాను. దీపం మూడుసార్లు మాత్రమే వెలిగించాను.

నవంబరు 9న పదహారు గజాల దూరంలో ఒక ఆడజింక నా ఎదుటే నిలబడింది. విల్లు ఎత్తలేదు. కారణం చెబితే పెద్దాయన నమ్మలేదు: కార్తీక మాసం. జింకలు జతకట్టే కాలమూ, మా అమ్మ ఫోనులో దీపాల గురించి గుర్తుచేసే కాలమూ ఒక్కటే కావడం మిషిగన్‌లో వేటాడే తెలుగువాడికి తప్పని చిక్కు. అయినా చెట్టు సరైనదని ఆ రోజే రుజువైంది. అంత దగ్గరికి వచ్చిన జింక ఒక్కసారైనా తల ఎత్తలేదు.

నవంబరు 15 నుంచి 30 దాకా తుపాకీ కాలం, అడవి నిండా జనం. మంచెను వదిలి మెట్లన్నీ తెచ్చేసుకున్నాను, అటువైపు వెళ్లలేదు. నిద్రపట్టని రాత్రులు రెండు మూడు ఉన్నాయని ఒప్పుకుంటాను. డిసెంబరు 1న వెళ్లి చూస్తే తాళం అలాగే ఉంది, చుట్టూ బూటు జాడలు కూడా లేవు.

డిసెంబరు 7, శనివారం, కార్తీకం అయిపోయింది. రాత్రి పలచగా మంచు కురిసింది. దీపం అక్కరలేనంత తెల్లగా ఉంది అడవి. మంచె ఎక్కి వెనక్కి చూసుకుంటే, కారు దగ్గర నుంచి చెట్టు మొదలు దాకా, వాగు దగ్గర ఒక్కచోట తప్ప ఎక్కడా తెగకుండా, నా అడుగుజాడలు. అన్ని నెలలుగా నేను దాచిన దారిని పిల్లవాడు కూడా చదవగలడు. 8:10కి పద్దెనిమిది గజాల్లో ఒక ఆడజింక వచ్చింది. బాణం సరిగ్గా తగిలింది, జింక అరవై గజాల్లో పడిపోయింది. కారు దాకా లాగడానికి రెండు గంటలు పట్టింది. కొట్టిన జింక సంగతి 72 గంటల్లో ఆన్‌లైన్‌లో ఆ శాఖకు తెలియజేయాలన్న నియమం ఉంది, ఆ సాయంత్రమే చేశాను.

ఖర్చు అడుగుతారు కనుక: మంచె 140 డాలర్లు, నాలుగు మెట్లు 150, హార్నెస్ 90, చెట్టుకు కట్టుకునే తాడు 40, కేబుల్ తాళం 24, మెరిసే టేపు 9, రెండు లైసెన్సులకు 11, 40 కలిపి 51. మొత్తం 504 డాలర్లు. మాంసం కోయించడానికి అయినది వేరు. నారింజ టేపుకు పెట్టిన నాలుగు డాలర్లు లెక్కలో కలపలేదు, సిగ్గుతో.

జనవరి 4న అన్నీ తీసేశాను. గడువు మార్చి 1 దాకా ఉన్నా, ఆకులు రాలిన అడవిలో నా క్లిప్పులు పగలే కనిపిస్తున్నాయి. ఇంటికి వచ్చి లెక్కపెడితే ఇరవై మూడే ఉన్నాయి. మర్నాడు మళ్లీ వెళ్లి వాగు నుంచి చెట్టు దాకా రెండుసార్లు వెతికాను, దొరకలేదు. ఎవరికీ కనిపించకూడదని పెట్టినది నాకూ కనిపించలేదు. మా ఆవిడ మిగిలిన వాటిని టేపు ఊడదీయకుండానే బేస్‌మెంటులోని స్టాండుకు పెట్టి బట్టలు ఆరేస్తోంది. రాత్రి మెట్లు దిగుతూ ఫోను టార్చి వేస్తే, తువ్వాళ్ల మధ్య నుంచి వరసగా మెరుస్తున్నాయి.